ఆన్‌లైన్ సముదాయం పదేళ్లు నిలవాలంటే: మొదలుపెట్టేవారికి సమగ్ర మార్గదర్శి

ఆన్‌లైన్‌లో గుంపుకట్టడం తెలుగువాళ్లకు కొత్త కాదు. తెరమీద తెలుగు లిపి ఇంకా సరిగా కనిపించని 1990ల్లోనే యూజ్‌నెట్ అనే పాతకాలపు చర్చావేదికల జాలంలో తెలుగు చర్చలకు ప్రత్యేకంగా ఒక సమూహం ఉండేది. విదేశాల్లోని విద్యార్థులు, ఉద్యోగులు ఇంగ్లిషు అక్షరాల్లోనే పద్యాలు రాసుకుని వాదించుకునేవారు. ఆ తర్వాత యాహూ గ్రూపులు వచ్చాయి, ఆర్కుట్ వచ్చింది, బ్లాగులు వచ్చాయి, ఇప్పుడు ఫేస్‌బుక్, వాట్సాప్, టెలిగ్రామ్. ప్రతి మజిలీలోనూ సముదాయాలు ఉత్సాహంగా పుట్టాయి. చాలావరకు చడీచప్పుడు లేకుండా పోయాయి.

ఎందుకు పోయాయని అడిగితే "జనం రావడం మానేశారు" అంటారు. అది ఫలితం, కారణం కాదు. కొత్తవారిని పలకరించడం, అడిగినదానికి జవాబు అందేలా చూడడం, చెత్త ఏరడం, గొడవలు సర్దడం, పాత సంగతులు భద్రపరచడం అనే చాకిరీ ఒకటి ప్రతి సముదాయంలోనూ రోజూ జరుగుతూ ఉంటుంది. మొదట్లో దాన్ని చేసేది స్థాపకులే. వారికి ఉద్యోగం మారినా, ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసినా, లేదా ఉత్తపుణ్యానికి విసుగొచ్చినా ఆ పని ఆగిపోతుంది. పలకరించేవారు లేని చోటికి జనం ఎందుకు వస్తారు? అందుకని కింద చెప్పే మెట్లన్నీ ఒక్క దానికోసమే: ఆ చాకిరీని మొదటి నెల నుంచే తగ్గించుకోవడం, పంచుకోవడం, చేతులు మారినా సాగేలా చూడడం.

మాట గాలిలో పోకుండా ఒక ఉదాహరణ పట్టుకుందాం. మీరు హైదరాబాదులో ఉంటారు. మిద్దెతోట పెంచేవారి కోసం ఒక సముదాయం పెట్టాలనుకుంటున్నారు.

1. అవసరం నిజంగా ఉందో లేదో తేల్చుకోండి

రాబర్ట్ వేడ్ అనే పరిశోధకుడు ఆంధ్రప్రదేశ్‌లో కాలువల కింద సాగుచేసే గ్రామాలను పరిశీలించి 1988లో ఒక పుస్తకం ప్రచురించారు. కొన్ని ఊళ్లలో రైతులు ఉమ్మడి నిధి పెట్టుకుని, నీళ్లు పారించడానికి మనుషులను, పైరు కాపలాకు మనుషులను కుదుర్చుకుంటున్నారు. పక్క ఊళ్లలో అలాంటిదేమీ లేదు. తేడా ఎక్కడుందని చూస్తే, ఆ కట్టుబాటు ప్రధానంగా కాలువ చివర, నీళ్లు అందుతాయో అందవో తెలియని ఊళ్లలో కనిపించింది. తూము పక్కనే ఉండి నీళ్లు పుష్కలంగా దొరికే ఊళ్లకు దాని అవసరం పడలేదు. ఆ ఊళ్లవాళ్లకు మంచితనం తక్కువై కాదు, కలిసి పనిచేయకపోయినా వారికి పోయేదేమీ లేదు.

ఆన్‌లైన్ సముదాయాన్ని కూడా నేను ఇదే గీటురాయి మీద గీసి చూస్తాను. ఇది లేకపోతే ఎవరికి ఏమి పోతుంది? "గులాబీకి ఏ ఎరువు వేయాలి" అన్నదానికి యూట్యూబులో ఓపిక ఉన్నన్ని జవాబులు. దానికోసం సముదాయం నిలవదు. అయితే మే నెల ఎండకు మూడో అంతస్తు మీద టమాటా నిలుస్తుందా, నాటు బీర విత్తనం మన వైపు ఎవరి దగ్గరుంది, కుండీల బరువుకు, తడికి స్లాబు కురవకుండా ఎవరు ఏ పూత వేయించారు, అది రెండు వానాకాలాలు ఆగిందా? వీటికి జవాబు సాటి మిద్దెతోటవారి దగ్గరే ఉంటుంది. మీ సముదాయం ఉండాల్సింది అక్కడ.

చేయవలసిన పని ఇది. స్టాక్ ఎక్స్ఛేంజ్ సంస్థ 2010లో కొత్త ప్రశ్నోత్తరాల స్థలాలు తెరవడానికి ఒక పద్ధతి పెట్టింది. ముందు అక్కడ ఎలాంటి ప్రశ్నలు వస్తాయో నమూనాలు రాయాలి. తర్వాత పాల్గొంటామని తగినంత మంది మాట ఇవ్వాలి. ఆ పైనే ప్రయోగాత్మకంగా తెరిచేవారు. మీరూ ఒక కాగితం మీద నలభై ప్రశ్నలు రాయండి. అవి మీకు తోచినవి కాకూడదు, ఈ ఏడాది మీరు విన్నవి, మిమ్మల్ని అడిగినవి కావాలి. ఇరవై దగ్గరే పెన్ను ఆగిపోతే కొత్త సముదాయం పెట్టకండి. ఉన్నవాటిలో ఒకదానికి వెళ్లి సాయపడండి. అందులో చిన్నతనం ఏమీ లేదు.

నలభై దాటితే, వాటిని చూస్తూ ఒకే వాక్యం రాయండి: ఎవరు, ఎక్కడ, ఏ పని కోసం. "ప్రకృతి ప్రేమికుల వేదిక" అని రాస్తే ఆర్నెల్లలో అది సూర్యోదయం ఫొటోల పుట్ట అవుతుంది.

2. చోటు ఎంచుకోండి, బయటికి దారి ఉంచుకోండి

చాలామంది ఇక్కడ ఆలోచించరు. ఫోనులో వాట్సాప్ ఉంది కాబట్టి అందులోనే పెట్టేస్తారు. జనాన్ని చేర్చడానికి దానికి మించినది లేదని ఒప్పుకుంటాను. కానీ మూడు చిక్కులున్నాయి. పాత మాటలు వెతకడం కష్టం, నిన్న చేరినవారికి మొన్నటి చర్చ మామూలుగా కనిపించదు. దాంతో ఒకే ప్రశ్న నూరుసార్లు వస్తుంది, జవాబిచ్చేవారు విసిగిపోతారు. ఇక మామూలు గ్రూపులో ప్రతి ఒక్కరి ఫోను నంబరూ అందరికీ కనిపిస్తుంది. మిద్దెతోటల్లో సగానికి పైగా ఆడవాళ్లే ఉంటారనుకోండి, తోట గురించి ఒక మాట రాసిన పాపానికి రాత్రి పదింటికి ముక్కూ మొహం తెలియనివారి నుంచి "హాయ్" వస్తే ఎన్నాళ్లు ఉంటారు? మీకు చెప్పి మరీ వెళ్లరు, మెల్లగా మాట్లాడడం మానేస్తారు. మూడోది, వాట్సాప్ గ్రూపు పరిమితి 1,024 మంది. ఈ మూడో చిక్కు మాత్రం నా దృష్టిలో లాభమే.

అందుకని రోజువారీ కబుర్లు ఎక్కడ సాగినా, పోగయ్యే సరుకుకు వేరే ఇల్లు ఉండాలి. వెతకడానికి వీలైన చర్చావేదికైనా, అందరూ కలిసి రాసి దిద్దుకునే చిన్న వికీ అయినా, ఆఖరికి అందరూ చదవగలిగే ఒక ఉమ్మడి పత్రమైనా సరే. టెలిగ్రామ్‌లో నంబరు దాచుకోవచ్చు, పాత సందేశాలు కొత్తవారికి చూపే వీలుంది. కాబట్టి అది మధ్యేమార్గం.

ఏది ఎంచుకున్నా అది ఒకనాడు మూతపడుతుందనే అనుకోండి. జనం సొంత వెబ్ పేజీలు పెట్టుకున్న జియోసిటీస్ 2009లో పోయింది. ఆర్కుట్‌ను 2014 సెప్టెంబరు 30న, గూగుల్ ప్లస్‌ను 2019 ఏప్రిల్‌లో మూసేశారు. యాహూ గ్రూపుల్లో దాచిన పాత సందేశాలను తీసేస్తామని 2019 అక్టోబరులో ప్రకటించి, 2020 డిసెంబరులో మొత్తం సేవనే ఆపేశారు. ఎన్నో ఏళ్ల తెలుగు చర్చలు అందులో ఉండేవి. ఎవరో ఒకరు ముందుచూపుతో దింపుకున్నవి దక్కాయి, మిగిలినవి లేవు.

కాబట్టి మొదటి నెలలోనే మూడు పనులు చేయండి. సొంత డొమైన్ పేరు కొనండి. ఏడాదికి ఖర్చు పెద్దదేమీ కాదు, రేపు ఇల్లు మారినా చిరునామా మారదు. నెలకోసారి మొత్తం సమాచారం నకలు తీసి ఇద్దరి దగ్గర ఉంచండి. సభ్యులు రాసినదాన్ని ఏ షరతులమీద ఎవరు వాడుకోవచ్చో చేరేటప్పుడే చెప్పండి. ఇది రెండేళ్ల తర్వాత చెప్పబోతే ప్రతి ఒక్కరి అనుమతీ వెతుక్కోవాలి.

నకలు అందరికీ అందుబాటులో పెడితే ఎవరైనా ఎత్తుకెళ్లి పోటీ సముదాయం పెడతారేమోనని కొందరి భయం. పెట్టవచ్చు. 2002లో స్పానిష్ వికీపీడియన్లు కొందరు అదే చేశారు. వికీపీడియాలో ప్రకటనలు వస్తాయన్న అనుమానంతో, ఎవరైనా తీసుకుని వాడుకోవచ్చన్న స్వేచ్ఛా లైసెన్సు ఉంది కాబట్టి, వ్యాసాలను తీసుకుని విడిపోయి సొంత విజ్ఞానసర్వస్వం మొదలుపెట్టారు. ఆ దెబ్బతో ప్రకటనలు ఉండవన్న హామీ గట్టిపడింది. వెళ్లిపోగల సభ్యులున్న చోట నిర్వాహకులు ఒళ్లు దగ్గర పెట్టుకుంటారు.

3. తలుపు తెరవకముందే ఇల్లు సర్దండి

ఖాళీ సముదాయంలో ఎవరూ ముందు మాట్లాడరు. లంకెలు పంచుకుని చర్చించుకునే రెడ్డిట్ మొదలైన 2005లో దాని స్థాపకులు తామే రకరకాల మారుపేర్లతో లంకెలు పెట్టి జనం ఉన్నట్టు చూపించారు, తర్వాత ఆ సంగతి వాళ్లే చెప్పుకున్నారు. అక్కడ అది చెల్లింది. తెలుగులో మీరా పని చేయకండి. మన చిన్న వలయంలో ఎవరి వాక్యం ఎవరిదో నెలలో తెలిసిపోతుంది, ఆపైన మీ మాట ఎవరూ నమ్మరు. మీ పేరుతోనే రాయండి. ఇందాకటి నలభై ప్రశ్నల్లో పదిహేనింటికి మీకు తెలిసినంత జవాబు రాసి పెట్టండి, మిగతావి తెరిచి ఉంచండి. జవాబులన్నీ మీరే రాసేస్తే వచ్చినవారికి చేయడానికి పనేముంటుంది?

తర్వాత ఓ ముప్పై మందిని పిలవండి. ఒక్కొక్కరినీ విడిగా పిలవాలి, పెద్ద ఆహ్వానం అచ్చేసి పంచకూడదు. "అక్కా, నీ మిద్దె మీద కాకర రెండేళ్లుగా కాస్తోంది కదా, పిండినల్లిని ఎలా అదుపు చేశావో ఇక్కడ రాస్తావా" అని అడిగితే రాస్తారు. "మా గ్రూపులో చేరండి" అంటే చేరి ఊరుకుంటారు.

మొదటి మాట రాయడం ఎంత తేలికైతే అంత మంచిది. దీనికి వికీపీడియా పుట్టుకే సాక్ష్యం. దానికి ముందు అదే బృందం 2000లో న్యూపీడియా అనే విజ్ఞానసర్వస్వం పెట్టింది. ప్రతి వ్యాసమూ నిపుణుల చేతుల్లో ఏడంచెల పరిశీలన దాటాలి. మొదటి ఏడాదిలో పూర్తయినవి రెండు పదుల వ్యాసాలు. 2001 జనవరి 15న వికీపీడియా తెరిచి, ఎవరైనా వెంటనే రాయవచ్చన్నారు. ఆ ఏడాది చివరికి దాదాపు 20 వేల వ్యాసాలయ్యాయి. నాణ్యత మాటేమిటంటారా? అది తర్వాత దిద్దుకున్నారు. దిద్దడానికి ముందు ఏదో ఒకటి ఉండాలి కదా.

తెలుగు వికీపీడియాలో దీనికి పనికొచ్చే ఏర్పాట్లు కొన్ని ఉన్నాయి. చిన్న వ్యాసాన్ని "మొలక" అంటారు. ఎదగవలసి ఉందని అర్థం తప్ప తప్పుపట్టినట్టు ఉండదు. చేయి తిప్పుకోవడానికి "ఇసుకపెట్టె" ఉంది, అందులో ఏమి రాసినా ఎవరూ ఏమీ అనరు. కొత్త వాడుకరికి చర్చాపేజీలో స్వాగతం పలుకుతారు. మీ మిద్దెతోటలోనూ ఇసుకపెట్టె లాంటి చోటు ఒకటి ఉండాలి: "తెలివితక్కువ ప్రశ్నలు ఇక్కడ అడగవచ్చు" అని బోర్డు పెట్టి, మాటకు కట్టుబడండి.

టైపింగు సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. తెలుగు బాగా తెలిసినవారిలో చాలామందికి తెలుగులో టైపు చేయడం రాదు. ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు రాస్తే రానివ్వండి, గొంతు రికార్డు చేసి పంపినా రానివ్వండి. నేర్పేవారు పక్కనుంటే నేర్చుకుంటారు. వెక్కిరించేవారుంటే వెళ్లిపోతారు.

4. మొదటి జవాబు ఒక రోజులో అందాలి

ఈ మార్గదర్శిలో ఒక్క మెట్టే గుర్తుంచుకోగలనంటే ఇది గుర్తుంచుకోండి. మొదటిసారి నోరు తెరిచినవారికి మొదటి రోజున ఎవరూ పలకకపోతే రెండోసారి రారు. ఫొటోలు పంచుకునే ఫ్లికర్ 2004లో మొదలైనప్పుడు అందులో పనిచేసేవారే కొత్తగా వచ్చిన ఒక్కొక్కరినీ స్వయంగా పలకరించేవారు. వచ్చినవారు ఆ మర్యాదే చూసి నేర్చుకుని తామూ కొత్తవారిని పలకరించారు.

జవాబు తెలియకపోయినా పలకవచ్చు. "ఆకు వెనకవైపు కూడా ఒక ఫొటో పెట్టండి, చూసి ఎవరైనా చెప్తారు" అంటే చాలు. ఈ పనికి వారంలో ఏడు రోజులు, ఏడుగురు మనుషులు కావాలి. మంగళవారం మీదైతే, ఆ రోజు జవాబు లేని ప్రశ్న ఉండకుండా చూడడం మీ వంతు. ఎవరో ఒకరు చూస్తారులే అని వదిలేస్తే ఎవరూ చూడరు.

5. నియమాలు తక్కువగా, జరిగినదాన్ని బట్టి

మొదటిరోజే ఇరవై నియమాలు రాసేవారంటే నాకు నమ్మకం లేదు. అవి ఎవరూ చదవరు, రాసినవారు కూడా పాటించరు. 1985లో కాలిఫోర్నియాలో మొదలైన "ద వెల్" అనే సముదాయం ప్రధానంగా ఒక్క మాట మీద నడిచింది: మీ మాటలకు మీరే బాధ్యులు. మారుపేరు వాడుకున్నా, అసలు పేరు అందరికీ తెలిసే ఏర్పాటు ఉండేది. అది ఇప్పటికీ ఉంది. ఇంగ్లిషు వికీపీడియాలో ఒక వ్యాసంలో ఇతరులు చేసిన మార్పులను ఒకే మనిషి ఒకే రోజులో మూడుసార్లకు మించి వెనక్కి తిప్పకూడదన్న నిబంధన 2004లో అమలులోకి వచ్చింది. అదీ దిద్దుబాటు యుద్ధాలు చూసి చూసి పెట్టినదే. గొడవ ముందు, నియమం వెనుక. ఆ గొడవ ఏమిటో కూడా నియమం పక్కనే ఒక వాక్యంలో రాసి పెడితే, అయిదేళ్ల తర్వాత అది అవసరమా కాదా అని తేల్చేవారికి ఆధారం ఉంటుంది.

అయినా తెలుగు సముదాయాల్లో కొన్ని జబ్బులు ఎటూ వస్తాయి కాబట్టి వాటికి ముందే సిద్ధపడవచ్చు. మిద్దెతోటకు నేనైతే ఇలా మొదలుపెడతాను:

- కులం, పార్టీ, సినిమా హీరోల అభిమానం ఇక్కడికి తేవద్దు.
- అమ్మకాలు శనివారం మాత్రమే, ధర రాసి పెట్టాలి.
- ఫార్వర్డు చేసిన సందేశాలు వద్దు. మీరు చేసి చూసినది రాయండి.
- అనుమతి లేకుండా సభ్యులకు విడిగా సందేశాలు పంపకూడదు. ఒక్క ఫిర్యాదు నిజమని తేలినా తొలగిస్తాం.
- ఆనపకాయ అన్నవారిని సొరకాయ అన్నవారు సరిదిద్దనక్కరలేదు. ఎవరి యాస వారిదే.

నాలుగోదానిలో తప్ప మిగతా వాటన్నిటిలో శిక్ష మెట్లుమెట్లుగా ఉండాలి. ఉమ్మడి వనరులపై పరిశోధనకు 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న ఎలినార్ ఓస్ట్రోమ్, దీర్ఘకాలం నిలిచిన సాగునీటి కాలువలు, అడవులు, మేత భూముల ఏర్పాట్లలో చూసిన ఉమ్మడి లక్షణాల్లో ఇదొకటి: మొదటి తప్పుకు చిన్న మందలింపు, తర్వాత కొంచెం గట్టిగా, వెలివేత ఆఖరున. మరొకటి, నియమాలు మార్చడంలో వాటిని పాటించేవారికి నోరుండడం. మీ నియమాలను ఏడాదికోసారి సభ్యుల ముందు పెట్టి ఒక్కొక్కదాన్నీ "ఇది ఉంచాలా" అని అడగండి.

మందలింపు ఎలా ఉండాలంటే, విడిగా, మర్యాదగా, వీలైతే ఒక పని అప్పగిస్తూ. రిటైరైన ఉపాధ్యాయులొకరు రోజూ పొద్దున్నే దేవుడి బొమ్మతో శుభోదయం పంపుతున్నారనుకోండి. అందరి ముందూ నిబంధన చూపిస్తే ఆయన నొచ్చుకుంటారు, ఆయనను గౌరవించే పదిమంది కూడా మీకు దూరమవుతారు. ఇలా రాసి చూడండి: "మాస్టారూ, నమస్కారం. మీ శుభోదయాలు ఆప్యాయంగానే ఉంటాయి. కానీ రాత్రి ఎవరో పెట్టిన ప్రశ్న వాటి కింద మరుగున పడిపోతోంది. మీ దొండపాదు ఫొటో చూశాను. కత్తిరింపు ఎప్పుడు చేస్తారో రాయగలరా? కొత్తవాళ్లు అడుగుతున్నారు." చాలామంది దొండపాదు గురించి రాస్తారు. కొందరు అలుగుతారు, దానికి మందు లేదు.

6. జనం ఒక్కసారిగా వచ్చినప్పుడు

ఎదుగుదల మంచిదే అనుకుంటాం. యూజ్‌నెట్‌కు ప్రతి సెప్టెంబరులోనూ విశ్వవిద్యాలయాల్లో చేరిన కొత్త విద్యార్థులు వచ్చేవారు, కొన్ని వారాల్లో పద్ధతులు నేర్చుకునేవారు. 1993–94లో అమెరికా ఆన్‌లైన్ వంటి ఇంటర్నెట్ సేవల సంస్థలు తమ చందాదారులకు ఆ తలుపు తెరవడంతో కొత్తవారి వరద ఆగలేదు, నేర్పే తీరిక పాతవారికి చిక్కలేదు. మెటాఫిల్టర్ దీనికి వేరే దారి పట్టింది. 1999లో మొదలైన ఆ సముదాయం కొన్నాళ్లు కొత్త చేరికలే ఆపేసింది, 2004 నుంచి చేరడానికి 5 డాలర్లు ఒక్కసారి కట్టమంది. డబ్బు కోసం అనేకంటే, వచ్చేవారు ఒక్క క్షణం ఆగి ఆలోచించుకోవడానికి.

మన దగ్గర అయిదు డాలర్ల ఆట సాగదు. కానీ నెలకోసారి విడతగా చేర్చుకోవచ్చు. ప్రతి విడతకూ ఒక పాత సభ్యుడినో సభ్యురాలినో తోడు ఇవ్వవచ్చు. టీవీలో మీ గురించి వచ్చిన వారంలో ఇది తప్పకుండా చేయండి.

దీనికి వ్యతిరేక దిశలోనూ ప్రమాదముంది. ఇంగ్లిషు వికీపీడియాలో చురుగ్గా రాసేవారి సంఖ్య 2007లో శిఖరం చేరి తర్వాత తగ్గుతూ పోయింది. కారణాలు వెతికిన పరిశోధన ఒకటి 2013లో వెలువడింది. దుశ్చర్యలను అడ్డుకోవడానికి పెట్టుకున్న స్వయంచాలక పరికరాలు, ముందే రాసిపెట్టిన హెచ్చరికలు, బిగుసుకుపోయిన నియమాలు కలిసి, మంచి ఉద్దేశంతో వచ్చిన కొత్తవారిని కూడా తరిమేశాయని అందులో తేలింది. చెత్త ఏరే పని బాగా చేయబోయి విత్తనాలు కూడా ఊడ్చేశారన్నమాట. కాబట్టి ఏదైనా తొలగిస్తే, తొలగించినవారు సొంత మాటల్లో కారణం రాయాలి. యంత్రం చేత రాయించవద్దు.

7. చాకిరీ పంచండి, తాళాలు పంచండి

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో వెన్న నాగార్జున చొరవతో మొదలైంది. ఆ తర్వాత చాలాకాలం మందకొడిగానే నడిచింది. 2005 నుంచి వేరేవారు అందుకుని దాన్ని నిలబెట్టారు. నిర్వాహకులుగా ఎవరుండాలో సభ్యులు బహిరంగంగా చర్చించి తేలుస్తారు. విధానాల చర్చలకు "రచ్చబండ" ఉంది, ఆ చర్చలు ఎవరైనా చదవవచ్చు. ఇరవై ఏళ్లు దాటినా అది నడుస్తోందంటే స్థాపకులు లేకపోయినా పని సాగే ఏర్పాటు ఉండడమే ముఖ్య కారణమని నా అభిప్రాయం.

మీరు చేయవలసినది: ఒక వారం పాటు మీరు సముదాయం కోసం చేసే ప్రతి పనీ రాసుకోండి. చాలా చిల్లర పనులు కనిపిస్తాయి. వాటిని పలకరింపు, జవాబుల కాపలా, ఏరివేత, నకళ్లు తీయడం, లెక్కలు, వారం వారం జరిగే కార్యక్రమం అని విడదీయండి. ఒక్కొక్కదానికి ఒక పేజీ రాయండి, ఏమీ తెలియనివారు కూడా చదివి చేయగలిగేలా. ఆర్నెల్లకు మించి ఎవరికీ ఒకే పని వద్దు. స్లాష్‌డాట్ అనే సాంకేతిక వార్తల సముదాయం వ్యాఖ్యల మంచిచెడ్డలు తూచే అధికారాన్ని మామూలు సభ్యులకే, ఎవరికి వస్తుందో తెలియకుండా, కొద్ది రోజుల్లో చెల్లిపోయేలా ఇచ్చేది. అధికారం చేతులు మారుతూ ఉంటే ఎవరికీ అది సొంత ఆస్తిలా కనిపించదు.

తాళాల సంగతి: డొమైన్ పేరు, సర్వరు, గ్రూపు యాజమాన్యం, ఈమెయిలు ఖాతా, వీటిలో ప్రతిదానికీ కనీసం ఇద్దరి దగ్గర తాళం ఉండాలి. ఆ ఇద్దరూ ఒకే ఇంటివారు కాకూడదు. డొమైను గడువు తేదీ అందరికీ కనిపించే చోట రాసి ఉంచండి. ఒక మనిషి ఆసుపత్రిలో చేరి, కార్డు గడువు దాటి, పేరు చేజారి, దాన్ని జూదం సైటువాళ్లు కొనుక్కున్న కథలు తక్కువేమీ లేవు.

ఇక మీరు ఏడాదిలో ఒక నెల పూర్తిగా సెలవు తీసుకోండి. ఫోను కూడా ఎత్తకండి. తిరిగి వచ్చి చూసినప్పుడు ఏది ఆగిపోయి ఉందో, అది ఇంకా మీరు పంచని పని.

8. కాలానికి కట్టండి, మనుషులను కలపండి

వారానికొకటి, ఏడాదికొకటి జరిగేవి ఉండాలి. తెలుగు వికీపీడియా మొదటి పేజీలో "ఈ వారపు వ్యాసం" మారుతూ ఉంటుంది. మిద్దెతోటకైతే కాలమే క్యాలెండరు ఇస్తుంది: ఆదివారం కోత ఫొటోలు, మృగశిర కార్తెకు ముందు విత్తనాల పంపకం, ఏప్రిల్‌లో నీడ వలల చర్చ, సంక్రాంతికి చిక్కుడు పందిళ్ల ప్రదర్శన. బహుమతుల పోటీలతో జాగ్రత్త. పోటీ ఉన్న నెలలో రాతలు పెరుగుతాయి, బహుమతి ఇచ్చిన మర్నాడు మనుషులు కనబడరు.

ముఖాముఖి కలవడాన్ని మించిన గొడవల నివారిణి లేదు. తెలుగు వికీపీడియన్లు పదేళ్ల పండుగను 2014 ఫిబ్రవరిలో విజయవాడలో జరుపుకున్నారు, ఇరవయ్యేళ్ల పండుగను 2024 జనవరిలో విశాఖపట్నంలో. మీరు అంత పెద్దది చేయనక్కరలేదు. ఒకరి మిద్దె మీద ఇరవై మంది, ఒక్కొక్కరు ఒక్కో విత్తన పొట్లం, చాయ్ చాలు. అమెరికాలో పెరటితోట పెంచే తెలుగువాళ్లు సభ్యులుగా ఉంటే వీడియో సమావేశం మన శనివారం రాత్రి 8 గంటలకు పెట్టండి. న్యూయార్కులో అప్పుడు ఉదయం తొమ్మిదిన్నరో పదిన్నరో అవుతుంది, రుతువును బట్టి.

9. డబ్బు

మొదటి రెండేళ్లు డబ్బు పెద్ద సమస్య కాదు. తర్వాత అవుతుంది. ఒకే ఆదాయ మార్గం మీద ఆధారపడకండి. మెటాఫిల్టర్‌కు ఎక్కువ రాబడి గూగుల్ వెతుకులాట ద్వారా వచ్చేవారు చూసే ప్రకటనల నుంచి వచ్చేది. ఆ రాకపోకలు పడిపోవడంతో 2014లో సిబ్బందిని తగ్గించుకోవలసి వచ్చింది. ఆ తర్వాత సభ్యుల చందాలే ఆదుకున్నాయి. ద వెల్‌ను కూడా 2012లో దాని సభ్యులే కొందరు కలిసి కొనుక్కున్నారు.

చందా ఒకరి సొంత యూపీఐ ఖాతాలోకి పోవడం ఎంత మంచివారైనా తంటాయే. నెలనెలా వచ్చినది, పోయినది రూపాయితో సహా అందరికీ చూపండి. మొత్తం పెరిగితే సొసైటీగా నమోదు చేసుకోండి. 2001 నాటి సొసైటీల నమోదు చట్టం కింద రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కనీసం ఏడుగురు సభ్యులుంటే చాలు. ఎరువుల కంపెనీ ఏదైనా ఖర్చంతా పెట్టుకుంటామని వస్తే, వారి సరుకు బాగోలేదని సభ్యులు రాస్తే ఉంచగలరా అని ముందే తేల్చుకోండి.

10. పెద్ద మార్పులు చేసేటప్పుడు

డిగ్ అనే సముదాయం 2010 ఆగస్టులో సైటు మొత్తాన్ని ఒక్కసారిగా మార్చేసింది. సభ్యులు వాడుకుంటున్న సదుపాయాలు కొన్ని పోయాయి, పాతదానికి తిరిగి వెళ్లే దారి లేదు. సభ్యులు మూకుమ్మడిగా రెడ్డిట్‌కు వలసపోయారు. ఇల్లు మార్చేముందు రెండు నెలలు పాతదీ కొత్తదీ పక్కపక్కన నడపండి. ఎక్కువగా రాసే పదిమందిని ముందు కొత్తదానిలోకి పంపి, వారు ఒప్పుకున్నాకే మిగతావారిని కదిలించండి.

11. ఏమి లెక్కపెట్టాలి

సభ్యుల సంఖ్య లెక్కపెట్టకండి. అది పెరుగుతూనే ఉంటుంది, సముదాయం చచ్చాక కూడా. నెలకోసారి నాలుగు అంకెలు చాలు: గత నెల మొదటిసారి రాసినవారిలో ఈ నెల మళ్లీ రాసినది ఎందరు, ఒక రోజులో జవాబు అందిన ప్రశ్నలు ఎన్ని, జవాబులిచ్చినది ఎంతమంది వేర్వేరు మనుషులు, నిర్వహణ పనుల్లో చేయి వేసినది ఎందరు. మూడో అంకె తగ్గుతూ, మొత్తం జవాబులు మాత్రం అంతే ఉంటే ఒకరిద్దరు మోస్తున్నారని అర్థం. వారు అలసిపోకముందే ఏడో మెట్టుకు తిరిగి వెళ్లండి.

కొన్నిసార్లు ఏమి చేసినా అంకెలు లేవవు. అవసరమే తీరిపోయి ఉండవచ్చు. అప్పుడు మూడు నెలల ముందు మూసివేత ప్రకటించండి, నడుపుతామన్నవారుంటే తాళాలు అప్పగించండి. ఎవరూ ముందుకు రాకపోతే కొత్త రాతలు ఆపి, పాతవి చదువుకునేలా ఉంచి, మొత్తం నకలును పాత వెబ్ పేజీలు భద్రపరిచే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెట్టండి. ఫోను నంబర్లు, ఇంటి చిరునామాలు ముందు తీసేయండి. డొమైను రుసుము మరో అయిదేళ్లకు ముందే కట్టేసి, మిగిలిన డబ్బు ఎక్కడికి పోయిందో ఆఖరి లెక్కలో చూపండి.